గిటార్ శ్రుతి: మోటారు ట్యూనరా, చెవీ చెయ్యా? మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గిటార్ ట్యూనింగ్ గురించే. అందుకే శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాం. జవాబుల్లో 1వ తీగ అంటే అన్నిటికన్నా సన్నది, 6వ తీగ అంటే అన్నిటికన్నా లావుది. మామూలు ట్యూనింగ్‌లో 6 నుంచి 1 వరకు వరసగా ఈ, ఏ, డి, జి, బి, ఈ (E, A, D, G, B, E). పక్కపక్క ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు గీతల) మధ్య ఉండే తేడా ఒక సెమీటోన్. అందులో నూరో వంతును సెంటు అంటారు. ట్యూనర్ మీద ముల్లు చూపించేది ఈ సెంట్లనే.

ప్రశ్న: గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. నా దగ్గర క్లిప్ ట్యూనర్ ఉంది. తీగ బిగించే కీని తనంతట తానే తిప్పే మోటారు ట్యూనర్ కొనుక్కుంటే రోజూ ఈ బాధ తప్పుతుందని మా అన్నయ్య అంటున్నాడు. మాస్టారేమో అసలు ట్యూనరే వద్దు, చెవితో చెయ్యి అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

మాస్టారి మాట ఇంకొన్నాళ్లకు వినండి. అన్నయ్య మాట ఇప్పట్లో వద్దు. మీ దగ్గరున్న క్లిప్ ట్యూనర్ చాలు.

కారణం చెప్తాం. నాలుగు నెలల అభ్యాసంలో చెవికి సరైన శ్రుతి ఇంకా పూర్తిగా పట్టుబడదు. ఆ దశలో ట్యూనర్ లేకుండా చేస్తే రోజుకో రకంగా శ్రుతి కుదురుతుంది, చెవి ఆ తప్పుకే అలవాటు పడుతుంది. క్లిప్ ట్యూనర్ ఆ చిక్కు తీరుస్తుంది. దానిలో ఉండే పీజో ముక్క హెడ్‌స్టాక్ (కీలు ఉండే గిటార్ తల) అదురును పట్టుకుంటుంది, లోపలి చిప్ ఆ కంపనాలను కొలిచి దగ్గరలో ఉన్న స్వరంతో పోల్చి చూపిస్తుంది. గదిలో టీవీ మోగుతున్నా దానికి పెద్దగా పట్టదు, ఎందుకంటే అది గాలిలోని శబ్దాన్ని కాకుండా కర్రలోని అదురును వింటుంది. ఫోన్ యాప్‌కు ఆ సౌకర్యం లేదు. నిశ్శబ్దంగా ఉంటే యాప్ కూడా బాగానే కొలుస్తుంది, ఫంక్షన్ హాల్లో మాత్రం పనికిరాదు.

మోటారు ట్యూనర్ దీనికి ఒక మెట్టు పైన. లెబనాన్ ఇంజినీర్లు తయారుచేసిన రోడీ ఇందులో బాగా తెలిసిన పేరు. అరచేతిలో పట్టే ఆ పరికరం తలను కీకి తొడిగి, ఏ ట్యూనింగ్ కావాలో ఎంచుకుని, తీగ మీటాలి. కీ ద్వారా వచ్చే అదురును అది కొలుస్తుంది. లోపలి మోటారు కీని తిప్పి, సరిపోయాక ఆగుతుంది. తీగలు మార్చేటప్పుడు పాతవి విప్పడానికి, కొత్తవి చుట్టడానికీ వాడుకోవచ్చు. బాగా పనిచేసే వస్తువే. కానీ మీరు కీ తిప్పే ప్రతిసారీ మీ చెయ్యి ఒక విషయం నేర్చుకుంటోంది: ఎంత తిప్పితే స్వరం ఎంత కదులుతుంది, ఏ కీ వదులుగా ఉంది, ఏ తీగ నట్‌లో (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు కూర్చునే గాళ్ల పట్టీలో) ఇరుక్కుంటోంది. మోటారు తిప్పితే ఆ పాఠం మీకు అందదు. రేపు ఏదైనా తేడా వస్తే లోపం ఎక్కడుందో పట్టుకోలేరు.

మోటారు ట్యూనర్ ఎవరికి నిజంగా అవసరమంటే: ఒకే కచేరీలో పాట పాటకీ ట్యూనింగ్ మార్చేవారికి, సంగీత పాఠశాలలో పొద్దున్నే పదీ పదిహేను గిటార్లు సిద్ధం చేయాల్సినవారికి, వేళ్ల కీళ్లనొప్పులు ఉన్నవారికి, వినికిడి తగ్గినవారికి. వీరు సందేహించకుండా కొనుక్కోవచ్చు. ఒక్క జాగ్రత్త: పళ్లచక్రాలు ఉన్న కీలకే అది పనికొస్తుంది. వయొలిన్, వీణ బిరడలు రాపిడితో నిలిచేవి కాబట్టి వాటికి పనికిరాదు.

ప్రశ్న: ట్యూనర్‌లో ఆరు తీగలకూ పచ్చ లైటు వస్తుంది. అయినా ‘ఈ’ మేజర్ కార్డ్ వాయిస్తే ఎక్కడో బేసురుగా ఉంటుంది. ట్యూనర్ చెడిపోయిందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ట్యూనర్ బాగానే ఉండి ఉంటుంది. మీరు దాన్ని అడిగింది ఖాళీ తీగల గురించి. కార్డ్‌లో మోగేది మాత్రం వేలు నొక్కిన తీగలు. ఆ రెంటి మధ్య తేడా నాలుగైదు చోట్ల నుంచి రావచ్చు. వరసగా పరీక్షించండి.

మొదట మీటడం. గట్టిగా మీటితే తీగ సాగి, స్వరం మొదట కొన్ని సెంట్లు పైన మొదలై, తర్వాత కిందికి దిగి నిలుస్తుంది. ముల్లు ఎగిరిన క్షణంలో చూసి కీ తిప్పితే నిలిచిన స్వరం తక్కువవుతుంది. మిగతా తీగలను అరచేత్తో ఆపి, బొటనవేలి కండతో మెత్తగా మీటి, అర సెకను ఆగి చూడండి. 6వ తీగ మీద ముల్లు కుదురుగా నిలవకపోతే 12వ ఫ్రెట్ దగ్గరగా మీటండి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే నెక్ పికప్ పెట్టి టోన్ తగ్గించండి. మూలస్వరం బలపడి, పై హార్మోనిక్స్ (దానితో పాటు సన్నగా మోగే పై స్వరాలు) తగ్గుతాయి, ట్యూనర్ తికమకపడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ‘ఈ’ మేజర్ కార్డ్ పట్టుకుని, ఒక్కో తీగను విడిగా మీటుతూ ట్యూనర్ చూడండి. 3వ తీగ మొదటి ఫ్రెట్ దగ్గర జి షార్ప్ రావాలి. అది 10 సెంట్లో ఇంకా ఎక్కువో పైన చూపిస్తే దొంగ దొరికినట్టే. నొక్కుడు తగ్గించి, ఫ్రెట్ లోహానికి ఆనుకుని వేలు పెట్టి మళ్లీ చూడండి. సరిపోతే తప్పు వేలి బలానిది. అప్పటికీ పైనే ఉంటే నట్‌లో గాడి లోతు చాలలేదు. తీగ మరీ ఎత్తుగా ఉండటంతో మొదటి ఫ్రెట్‌కు నొక్కేలోపే సాగిపోతోంది. దీన్ని నిర్ధారించుకోవడం తేలిక: తీగను 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి, 1వ ఫ్రెట్ మీద తీగకూ లోహానికీ మధ్య సందు చూడండి. వెంట్రుకంత ఉండాలి. విజిటింగ్ కార్డు దూరేటంత ఉంటే గాడి లోతు చేయించాలి. ఈ పని సూది ఆకురాయితో రిపేరు మేస్త్రీ చేత చేయించండి. ఒకసారి ఎక్కువ కోస్తే నట్ మార్చాల్సిందే. చౌక అకౌస్టిక్ గిటార్లలో ఈ లోపం చాలా ఎక్కువ. కొత్త విద్యార్థులు తమ చేతిని తిట్టుకునేది అందుకే.

మొదటి ఫ్రెట్లు బాగుండి పై ఫ్రెట్లలో బేసురు వస్తుంటే అది ఇంటోనేషన్ లోపం, అంటే తీగ మోగే పొడవు ఫ్రెట్ల అమరికకు సరిపోకపోవడం. 12వ ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలితో తాకి హార్మోనిక్ మీటి చూడండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. నొక్కిన స్వరం హార్మోనిక్ కంటే పైన ఉంటే తీగ మోగే పొడవు చాలడం లేదు: శాడిల్‌ను (కింది చివర తీగ ఆనే ముక్కను) వెనక్కి, అంటే నెక్‌కు దూరంగా జరపాలి. కింద ఉంటే ముందుకు. ఎలక్ట్రిక్ గిటార్‌లో స్క్రూ తిప్పితే జరుగుతుంది. ప్రతిసారీ ఖాళీ తీగను మళ్లీ ట్యూన్ చేసి కొలవండి. అకౌస్టిక్‌లో ఎముక శాడిల్‌ను రాచి సరిచేయాలి కాబట్టి అది మేస్త్రీ పని. పాత తీగలతో ఈ కొలత తీయకండి. చెమటకు తుప్పు పట్టి, ఫ్రెట్ల దగ్గర నొక్కులు పడిన తీగ ఎక్కడా సరిగ్గా పలకదు.

ఇవన్నీ బాగున్నా కొంత మిగులుతుంది. దానికి మందు లేదు, ఎందుకంటే అది ఫ్రెట్ల అమరికలోనే ఉంది. ఆక్టేవ్‌ను (ఒక స నుంచి పై స దాకా) 12 సమభాగాలు చేసి ఫ్రెట్లు వేస్తారు. ఆ లెక్కలో మేజర్ థర్డ్, అంటే జి నుంచి బి వంటి నాలుగు సెమీటోన్ల దూరం, 400 సెంట్లు. చెవికి పూర్తిగా కలిసిపోయే థర్డ్, అంటే 5:4 నిష్పత్తిలో ఉండేది, 386 సెంట్లే. దాదాపు 14 సెంట్ల తేడా. ఖాళీగా ఉన్న జి, బి తీగలు కలిపి మోగిస్తే సెకనుకు దాదాపు 8 సార్లు ఊగుతూ వినిపించేది ఇదే. చెవి బాగున్నవారికి అది గుచ్చుకుంటుంది. కొందరు జి మేజర్ పట్టుకుని, అది తియ్యగా వినిపించేదాకా బి తీగను దించుతారు. వెంటనే ‘ఈ’ కార్డ్‌లో అదే బి తీగ ఏడుస్తుంది, సి కార్డ్‌లో ఒకటో ఫ్రెట్ సి దిగిపోతుంది. ఒక కార్డ్‌ను తియ్యగా చేస్తే ఇంకో కార్డ్ చెడుతుంది. కాబట్టి ట్యూనర్ చెప్పిన చోటే బిని ఉంచండి. జిని మాత్రం 2, 3 సెంట్లు కింద ఉంచి చూడండి. నొక్కినప్పుడు ఆ తీగ మిగతావాటికన్నా ఎక్కువ పైకి పోతుంది గనుక కార్డ్ కాస్త నెమ్మదిస్తుంది. ఏ యంత్రమైనా కొలిచి ఇచ్చేదాన్ని మీ గిటార్‌కు, మీ వేలికి తగ్గట్టు ఆఖరున సర్దవలసింది మీరే.

ప్రశ్న: ట్యూనర్ లేకుండా చేత్తో శ్రుతి చేసే పద్ధతి దశలవారీగా చెప్పండి. 5వ, 7వ ఫ్రెట్ల హార్మోనిక్స్‌తో చేస్తే ఇంకా కచ్చితంగా వస్తుందంటున్నారు. నిజమేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

హార్మోనిక్స్ సంగతి ముందు తేల్చేద్దాం. వినడానికి అవి స్పష్టంగా ఉంటాయి, నిజమే. కానీ 6వ తీగ 5వ ఫ్రెట్ హార్మోనిక్ ఆ తీగ మూలస్వరానికి 4 రెట్లు: 82.41 × 4 = 329.64 హెర్ట్జ్. 5వ తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్ 3 రెట్లు: 110 × 3 = 330 హెర్ట్జ్. సరిగ్గా ట్యూన్ చేసిన గిటార్‌లో కూడా ఈ రెండూ కలవవు, సుమారు మూడు సెకన్లకు ఒకసారి ఊగుతాయి. ఆ ఊపు పూర్తిగా పోయేదాకా కీ తిప్పితే 5వ తీగ 2 సెంట్లు దిగుతుంది. అదే పద్ధతిలో డి ఇంకో 2, జి ఇంకో 2. మూడో తీగ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 6 సెంట్లు పోయాయి. పద్ధతి కష్టపడి కచ్చితంగా పాటించినవారికే ఈ తప్పు ఎక్కువ కచ్చితంగా వస్తుంది. ఆ ఊపును వదిలేయడం తెలిసినవారు మాత్రమే దీన్ని వాడాలి.

మామూలుగా నేర్పేది 5వ ఫ్రెట్ పద్ధతి. 6వ తీగ 5వ ఫ్రెట్ నొక్కితే వచ్చేది ఖాళీ 5వ తీగ స్వరం. 5వ తీగ 5వ ఫ్రెట్ ఖాళీ 4వ తీగ. 4వ తీగ 5వ ఫ్రెట్ ఖాళీ 3వ తీగ. 3వ తీగకు మాత్రం 4వ ఫ్రెట్, అది ఖాళీ 2వ తీగ. 2వ తీగ 5వ ఫ్రెట్ ఖాళీ 1వ తీగ. గుర్తుంచుకోవడం తేలికే. కానీ ప్రతి తీగనూ దాని ముందుదానితో సరిచూస్తాం కాబట్టి మొదటి జతలో జరిగిన పొరపాటు చివరిదాకా వెంట వస్తుంది.

మేం సిఫార్సు చేసేది అన్ని తీగలనూ ఒక్క ‘ఏ’ తీగతోనే (5వది) సరిచూసే పద్ధతి. దశలు ఇవి.

5వ తీగను ముందు సరిచేయాలి. 440 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ ఉంటే మోకాలికి తట్టి, దాని కాడను గిటార్ పైపలక మీద ఆనించండి. 5వ తీగ 5వ ఫ్రెట్ హార్మోనిక్ కూడా 440 కాబట్టి రెండూ నేరుగా కలవాలి. ఫోర్క్ లేకపోతే కీబోర్డు మీది ‘ఏ’ చాలు.

తర్వాత 6వ తీగ 5వ ఫ్రెట్ నొక్కి, ఖాళీ 5వ తీగతో కలపండి. 5వ తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్ మోగించి వదిలేయండి (220 హెర్ట్జ్). అది మోగుతుండగానే 4వ తీగ 7వ ఫ్రెట్ నొక్కి మీటి సరిచేయండి. మళ్లీ అదే హార్మోనిక్‌తో 3వ తీగ 2వ ఫ్రెట్. ఇక సన్న తీగలకు 5వ తీగ 5వ ఫ్రెట్ హార్మోనిక్ (440 హెర్ట్జ్) వాడండి: 2వ తీగ 10వ ఫ్రెట్, 1వ తీగ 5వ ఫ్రెట్. అంతే. ఒక్కో తీగకు దాని తప్పు దానిదే, పక్కదానికి అంటదు. 2వ తీగ 10వ ఫ్రెట్ అన్నిటికన్నా ఎక్కువగా ఇంటోనేషన్ మీద ఆధారపడుతుంది. అందుకని ఖాళీ 2వ తీగను 5వ తీగ 2వ ఫ్రెట్‌తో కూడా ఒకసారి ఆక్టేవ్ కలుస్తోందో లేదో చూసుకోండి.

వినాల్సింది ఊపులను. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలని చదివినవే. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే శబ్దం పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. సెకనుకు ఎన్ని ఊపులో అన్ని హెర్ట్జ్ తేడా. 220 దగ్గర సెకనుకు ఒక ఊపు ఉంటే దాదాపు 8 సెంట్లు తప్పున్నట్టు, 440 దగ్గర అయితే 4 సెంట్లే. సన్న తీగల మీద చెవి సులువుగా కచ్చితంగా రావడానికి కారణం ఇదే. లావు తీగల దగ్గర ఓపిక పట్టి తీగ ఆరిపోయేదాకా వినాలి.

ఊపులు తప్పుందని చెప్తాయి తప్ప పైనా కిందా అన్నది చెప్పవు. అందువల్ల ముందు తీగను కావాలనే కిందికి వదలండి, అక్కడి నుంచి మెల్లగా బిగిస్తూ రండి. ఊపులు నెమ్మదిస్తూ, సాగుతూ, ఆగిపోతాయి. మళ్లీ మొదలైతే దాటిపోయారన్నమాట. అప్పుడు కొంచెం దించి సరిపెట్టొద్దు. సుమారు పావు మెట్టు దాకా వదిలి మళ్లీ పైకే రండి. కింది నుంచి పైకి వచ్చి ఆగితేనే పళ్లచక్రాల మధ్య సందు తీగ లాగుడుకు మూసుకుని ఉంటుంది. పై నుంచి దించి ఆపితే మొదటి పాటలోనే తీగ జారుతుంది.

పది రోజులు ఇలా చేయండి: ముందు చెవితో పూర్తిగా ట్యూన్ చేసి, తర్వాతే ట్యూనర్ తగిలించి ఏ తీగ ఎన్ని సెంట్లు తప్పిందో నోటు పుస్తకంలో రాసుకోండి. దాదాపు ప్రతివారికీ ఒకే తీగ మీద, ఒకే వైపు తప్పు వస్తుంటుంది. అది తెలిస్తే దిద్దుకోవడం పెద్ద పని కాదు. 5 సెంట్ల లోపు వస్తే బాగా వచ్చినట్టే.

ప్రశ్న: మోటారు ట్యూనర్ మిగతా తీగలను క్షణాల్లో సరిచేస్తుంది, 3వ తీగ దగ్గర మాత్రం ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి 1వ తీగ తెంపేసింది కూడా. పరికరం లోపమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

మొదటిది నట్ లోపం, రెండోది వాడకంలో పొరపాటు.

3వ తీగ నట్ గాడిలో పట్టేస్తోంది. మోటారు కీని తిప్పుతుంది, నట్‌కూ కీకీ మధ్య తీగ బిగుస్తుంది, మోగే భాగం మాత్రం కదలదు. స్వరం మారలేదు కాబట్టి యంత్రం ఇంకొంచెం తిప్పుతుంది. ఒక్కసారిగా తీగ జారి, స్వరం దాటిపోతుంది. ఇక వెనక్కి తిప్పడం, మళ్లీ అదే కథ. చేత్తో తిప్పేటప్పుడు ఇదే ‘టిక్’మని వినిపిస్తుంది. హెడ్‌స్టాక్ వెనక్కి వంగి, కీలు రెండు వైపులా మూడేసి ఉన్న గిటార్లలో 3వ, 4వ తీగలు నట్ దాటగానే పక్కకి మళ్లుతాయి. అందుకే రోగం అక్కడే ఎక్కువ.

తీగ వదులు చేసి గాడిలోంచి పక్కకి తీయండి. మెత్తని పెన్సిల్, 2బి దొరికితే మంచిది, బాగా చెక్కి గాడిలో నల్లగా రుద్దండి. తీగ తిరిగి పెట్టి రెండు మూడు సార్లు కిందికీ పైకీ లాగండి. తగ్గకపోతే గాడి ఇరుకు. లావు తీగల సెట్‌కు మారినవారికి ఇది తప్పదు, గాడి వెడల్పు చేయించాలి. నూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.

తీగ తెగడం గురించి: మోటారుకు మీరు చెప్పిన తీగే తెలుసు. 1వ తీగ అని ఎంచుకుని దాని కీకి తొడిగి పొరపాటున 2వ తీగ మీటినా, కొత్త తీగ బాగా వదులుగా ఉన్నప్పుడు స్వరాన్ని పరికరం తప్పుగా చదివినా లెక్క తప్పుతుంది. మామూలు పొడవున్న గిటార్ మీద ఉక్కు 1వ తీగ తన స్వరానికి ఐదారు సెమీటోన్లు పైకి పోతే తెగుతుంది. దాని మందంతో దాదాపు సంబంధం లేదు. లావు తీగకు బలం ఎక్కువే, కానీ అదే స్వరానికి బిగువూ అంతే ఎక్కువ కావాలి. కొత్త తీగను ముందు చేత్తో సుమారు స్వరానికి తెచ్చి, ఆ తర్వాతే మోటారుకు అప్పగించండి. ముఖం దూరంగా పెట్టుకోండి. అది ఆగాక తీగను ఒకసారి వేలితో పైకి లాగి వదిలి మళ్లీ కొలిపించండి. దిగితే ఇంకో విడత.

ప్రశ్న: కొత్త తీగలు వేశాక ఎన్నిసార్లు ట్యూన్ చేసినా దిగిపోతున్నాయి.
— తిరుపతి

తీగ సాగడం కంటే కీ స్తంభం చుట్టూ చుట్లు బిగుసుకోవడమే ఎక్కువ కారణం. లావు తీగలకు రెండు చుట్లు, సన్న తీగలకు మూడు, ఒకదాని కింద ఒకటి, మీద మీద పడకుండా. 12వ ఫ్రెట్ దగ్గర తీగను వేలితో మెత్తగా పైకి లాగి, దిగినంత మేర ట్యూన్ చేసి, మళ్లీ లాగండి. నాలుగైదు విడతల్లో ఉక్కు తీగలు కుదురుకుంటాయి. నైలాన్ తీగలకు ఈ కిటుకు ఒక్కటే చాలదు, వాటికి నాలుగైదు రోజులు పడుతుంది.

ప్రశ్న: మా చర్చిలో గిటార్, కీబోర్డు, పాత హార్మోనియం కలిపి వాయిస్తాం. నా గిటార్ ట్యూనర్ ప్రకారం సరిగ్గా ఉన్నా కీబోర్డుతో కలవడం లేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, ఏలూరు

మీ ట్యూనర్‌లో కాలిబ్రేషన్, అంటే ‘ఏ’ స్వరానికి పెట్టిన హెర్ట్జ్ విలువ, మారి ఉంటుంది. తెర మీద చిన్న అంకెలు చూడండి, 440 ఉండాలి. సంచిలో బటన్ నొక్కుకుని 443 అయితే అన్ని తీగలూ దాదాపు 12 సెంట్లు పైకి పోతాయి. తమలో తాము కలుస్తాయి కాబట్టి ఒంటరిగా వాయిస్తే తెలియదు. కీబోర్డులో కూడా మాస్టర్ ట్యూనింగ్ అమరిక 440.0 దగ్గర ఉందో లేదో చూడండి. ట్రాన్స్‌పోజ్ సున్నా దగ్గర ఉండాలి.

హార్మోనియం సంగతి వేరు. దాని రీడ్లను సభ ముందు మార్చలేం, కాబట్టి అందరూ దానికే రావాలి. హార్మోనియం మీద ‘ఏ’ స్వరం పట్టి ఉంచి, మైకు ఉన్న ట్యూనర్‌తోనో ఫోన్ యాప్‌తోనో కొలవండి. ఒక సెంటు పావు హెర్ట్జ్ అనుకోండి: 12 సెంట్లు పైన ఉంటే 443, 8 సెంట్లు కింద ఉంటే 438. ఆ అంకెను గిటార్ ట్యూనర్‌లోనూ కీబోర్డులోనూ పెట్టండి. మోటారు ట్యూనర్ వాడేవారూ అందులోని ‘ఏ’ విలువను ఇలాగే మార్చుకోవచ్చు. పాత రీడ్లు ఒక్కోటి ఒక్కోలా తప్పి ఉండవచ్చు గనుక రెండు మూడు స్వరాలు కొలిచి మధ్యస్థంగా తీసుకోండి. ఆరాధన అయ్యాక 440కి తిరిగి మార్చడం మరవకండి.

ప్రశ్న: గిటార్ మీద కర్ణాటక సంగీతం సాధన చేస్తున్నాను. తంబుర యాప్ పెట్టుకుంటే ట్యూనర్‌తో చేసిన శ్రుతి అతకడం లేదు. గాంధారం మరీ పైన వినిపిస్తోంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

మీ చెవి చక్కగా ఉంది. ఇక్కడ ట్యూనర్ రెండో స్థానంలో నిలవాలి.

డి శ్రుతి అనుకుందాం. 6వ తీగను ఈ నుంచి డికి, 2వ తీగను బి నుంచి ఏకి, 1వ తీగను ఈ నుంచి డికి దించితే ఖాళీ తీగలు స ప స మ ప స అవుతాయి. దించిన ఒక్కో తీగలో బిగువు ఐదో వంతు తగ్గుతుంది. దాంతో నెక్ కాస్త వెనక్కి సర్దుకుని మిగతా తీగలు పైకి పోతాయి. కాబట్టి ఒక రౌండు చేశాక తప్పనిసరిగా రెండో రౌండు.

తంబుర శ్రుతిలో పంచమం 702 సెంట్లు, ట్యూనర్ లెక్కలో 700. మధ్యమం 498, ట్యూనర్‌లో 500. అంటే ‘ఏ’ తీగలు ముల్లుకు 2 సెంట్లు పైన, జి తీగ 2 సెంట్లు కింద ఉండాలి. కొన్ని క్లిప్ ట్యూనర్లకు ఇంత చిన్న తేడా స్పష్టంగా చూపడం రాదు. తంబుర మోగుతుండగా ఒక్కో తీగ మీటి, ఊపు పూర్తిగా ఆగేదాకా చెవితోనే సరిచేయండి. ఈ పనికి చెవిని మించిన పరికరం లేదు.

అంతర గాంధారం స్వచ్ఛంగా 386 సెంట్ల దగ్గర ఉంటుంది. మీ షడ్జం తీగ మీద 4వ ఫ్రెట్ 400 ఇస్తుంది. 14 సెంట్లు ఎక్కువ, తంబుర పక్కన అది దాగదు. నొక్కిన స్వరాన్ని పైకి లాగగలం కానీ కిందికి దించలేం. అందువల్ల నిలిపే గాంధారాన్ని 4వ ఫ్రెట్ మీద వాయించకండి. 3వ ఫ్రెట్ నొక్కి తీగను పక్కకి లాగి అక్కడికి చేరండి. ఎక్కడ ఆగాలో తంబురే చెబుతుంది. కాకలి నిషాదానికీ ఇదే: 11వ ఫ్రెట్ బదులు 10వ ఫ్రెట్ నుంచి లాగాలి. గమకం ఎలాగూ లాగి పలికించాల్సిందే కాబట్టి ఈ అలవాటు రెండు విధాలా పనికొస్తుంది. పాలకొల్లుకు చెందిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడారు. జంట తీగలను కలిపి లాగితే రెండూ ఒకే స్వరానికి చేరడం కష్టం. మీరూ సన్న తీగల సెట్ వేసుకోండి. లాగడం తేలికవుతుంది, వేలి కొనలు బతుకుతాయి.

ప్రశ్న: తనంతట తానే ట్యూన్ చేసుకునే సెకండ్ హ్యాండ్ గిబ్సన్ దొరుకుతోంది. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, డాలస్

గిటార్ నచ్చితే తీసుకోండి, ఆ కీల కోసం మాత్రం వద్దు. గిబ్సన్ 2007లో జర్మనీకి చెందిన ట్రానికల్ వ్యవస్థతో రోబో గిటార్ తెచ్చింది. ఆ తర్వాతి రూపమైన జీ-ఫోర్స్‌ను 2015లో దాదాపు తన అమెరికా మోడళ్లన్నిటికీ బిగించింది. కొనేవారికి నచ్చలేదు. 2016 నుంచి అది లేని మోడళ్లను మళ్లీ అమ్మింది. యంత్రం పనిచేస్తుంది. కానీ హెడ్‌స్టాక్ వెనక మోటార్లు, ఛార్జింగ్ బ్యాటరీ ఎప్పుడూ మోయాలి, చెడితే విడిభాగాలు వెతుక్కోవాలి. చూడటానికి వెళ్లినప్పుడు బ్యాటరీ ఛార్జ్ నిలుస్తోందా, ఆరు మోటార్లూ తిరుగుతున్నాయా పరీక్షించండి. మామూలు కీలు మార్చుకునే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. 2015 మోడళ్లలో నెక్ కూడా మామూలు కంటే వెడల్పు, నట్ ఇత్తడిది. చేతికి నప్పుతుందో లేదో వాయించి చూశాకే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ ఉన్న గిటార్‌కు మోటారు ట్యూనర్ పనిచేస్తుందా?
— బెంగళూరు

నట్ దగ్గర తాళం బిగించి ఉంటే పనిచేయదు. కీ తిప్పినా ఆ బిగువు తీగ మోగే భాగానికి చేరదు. పైగా బ్రిడ్జ్ స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది, ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ దిగుతాయి. తాళాలు వదులు చేసి, బ్రిడ్జ్ చివర ఉన్న ఫైన్ ట్యూనర్లను మధ్యకు తెచ్చి, కీలతో 6, 1, 5, 2, 4, 3 వరసలో ట్యూన్ చేయండి. మూడు నాలుగు రౌండ్లు తిరిగితే తేడాలు తగ్గుతూ వస్తాయి. ఆరూ ఒకేసారి నిలిచాక తాళాలు బిగించండి. బిగించేటప్పుడు కొద్దిగా పైకి పోతాయి, దాన్ని ఫైన్ ట్యూనర్లతో దించుకోండి.